అధికారి సంతృప్తి చెందితే

మూడో నంబరు కిటికీ అద్దం పద్దెనిమిదేళ్ళలో నాలుగుసార్లు పగిలింది. మొదటిసారి ఒక పెళ్ళికొడుకు మేనమామ స్టీలు ఫ్లాస్కు విసిరాడు. రెండోసారి, తన టికెట్టు కోడలి పేరున మార్చడం కుదరదన్నందుకు ఒకావిడ అద్దానికి తల కొట్టుకుంది. అద్దం పగిలింది, నుదురూ పగిలింది, టికెట్టు మాత్రం మారలేదు. మిగతా రెండుసార్లూ పిడికిళ్ళే. అద్దం బిగించే మనిషి నాలుగోసారికి కొలతలు తీసుకోవడం కూడా మానేశాడు. అవి అతనికి నోటికి వచ్చేశాయి.

రైలు టికెట్ల మీద పేర్లు మార్చే కిటికీ అది. ఒకరి పేరున కొన్న టికెట్టు మీద ఇంకొకరు ప్రయాణం చేయాలంటే అక్కడికే రావాలి. నిబంధన గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంది. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, కొడుకు, కూతురు, భార్య, భర్త, వీళ్ళకు తప్ప ఇంకెవరికీ టికెట్టు ఇవ్వకూడదు. కోడలు కుదరదు, బావమరిది కుదరడు, ప్రాణస్నేహితుడు అసలే కుదరడు. బండి బయలుదేరే ముందు రోజు మధ్యాహ్నం పన్నెండు లోపల రావాలి. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఇద్దరూ ఎదురుగా నిలబడాలి. బంధుత్వానికి కాగితం చూపించాలి. ఆఖరున, చీమ తలకాయంత అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది: కాగితం లేనప్పుడు, అధికారి సంతృప్తి చెందితే మార్చవచ్చు.

ఆ ఆఖరి వాక్యం మీదే మూడో కిటికీ మేడమ్ రాజ్యం నడిచింది.

కాగితం లేనివాళ్ళని మిగతా గుమాస్తాలు ముఖం కూడా చూడకుండా పంపేసేవాళ్ళు. ఆవిడ అలా పంపేది కాదు. "సంతృప్తి చెందితే అని రాశారు కదా. మరి చెందడానికి ప్రయత్నమైనా చెయ్యొద్దా?" అనేది. ఆ ప్రయత్నం ఏమిటంటే, టికెట్టు ఇచ్చే మనిషి ఒంటి మీద ఒక మచ్చనో గాటునో చూసుకుని, పుచ్చుకునే మనిషిని "ఇది ఎలా వచ్చింది?" అని అడగడం. దొంగ కాగితం పుట్టించవచ్చు గానీ దొంగ మచ్చని పుట్టించలేరన్నది ఆవిడ సిద్ధాంతం. తమ్ముడి మోచేతి మీది గాటు ఏ గోడ దూకినప్పటిదో అన్నకి తెలియకుండా ఉంటుందా? కూతురి పాదం ఎప్పుడు కాలిందో తల్లి నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. తడుముకోకుండా చెబితే టక్కున ముద్ర పడేది. "ఏమోనండీ, ఎప్పుడూ గమనించలేదు" అన్నారో, అంతే సంగతులు, తర్వాతివాళ్ళు రావచ్చు. స్టేషనంతా ఆవిడకి పుట్టుమచ్చల మేడమ్ అని పేరు పెట్టింది. పైకి విసుక్కునేది గానీ ఆ పేరుకి ఆవిడ లోపల్లోపల మురిసిపోయేది.

ఆ పరీక్ష ఒకసారి ఇంట్లోనూ పెట్టింది. ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. "నా మోకాలి మీద మచ్చ ఎలా వచ్చిందో చెప్పండి" అంటే, ఆయన కంటికున్న భూతద్దం తీయకుండానే, "నీకు మోకాలి మీద మచ్చ ఉందా?" అన్నాడు. పాతికేళ్ళ కాపురం! వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఆ వారమంతా తన తప్పేమిటో వెతుక్కుంటూ రెండు గడియారాలు పాడుచేశాడు.

ఆ రోజు పదకొండు దాటాక ఒక భార్యాభర్తల వంతు వచ్చింది. అతను కర్రల మిల్లులో మేస్త్రి. కనుబొమల మీద ఇంకా రంపపు పొట్టు ఉంది, భుజాలు తలుపుకి అడ్డం పడేలా ఉన్నాయి. ఆమె అతని వెనక సగం కనబడుతూ నిలబడింది. మెడ చుట్టూ స్కార్ఫు, చేతిలో గుర్తింపు కార్డు. వాళ్ళ వెనక వరుసలో ఒక లారీ డ్రైవరు, ఒక నర్సు, సెలూన్ నడిపే ఒకాయన, ఊతకర్ర మీద ఆనుకున్న ఒక పెద్దాయన, ఇంకా కొందరూ ఉన్నారు.

"టికెట్టు దీనిది. నా పేరున మార్చాలి" అన్నాడు మేస్త్రి, అద్దం కిందున్న సందులోంచి టికెట్టు లోపలికి తోస్తూ. "రేపు మధ్యాహ్నం బండి."

"మీరు ఏమవుతారు?"

"మొగుణ్ణి."

"పెళ్ళి కాగితం ఉందా?"

"అవన్నీ ఎవరు దాచుకుంటారు మేడమ్?" అని నవ్వాడు. నవ్వు బాగానే ఉంది, పళ్ళు తెల్లగా ఉన్నాయి. "ఇది దాచుకుంది చూడండి, సబ్బుపొడి డబ్బాలో! మొగుడికి తెలీకుండా ప్రయాణమంట. దీని అక్క కొని పంపింది. ఆ బండికి రెండు నెలల దాకా ఇంకో టికెట్టు లేదంట. అందుకని ఇది ఆగిపోద్ది, నేనెళ్తా. ఆ అక్కగారితో కూర్చుని కాస్త మాట్లాడాలి." మాట్లాడాలి అన్నప్పుడు కుడి చేతి వేళ్ళు ఒకసారి ముడిచి విప్పాడు.

మేడమ్ అది చూసింది, పట్టించుకోలేదు. మొగుడూ పెళ్ళాల అలకలు ఆ కిటికీకి కొత్త కావు. "ఇష్టపడే ఇస్తున్నావా అమ్మా?" అని నిబంధన ప్రకారం ఆమెని అడిగింది.

"అవునండి" అంది ఆమె. ఆ మాట టికెట్టుని చూస్తూ చెప్పింది. అవతలి ఒడ్డుకి పోయే ఆఖరి పడవని చూసినట్టు చూసింది దాన్ని.

"సరే, ఆ కనుబొమ మీద గాటు ఎలా వచ్చింది?" అని మేడమ్ పరీక్ష మొదలుపెట్టింది.

"పోయిన వేసవి, రెండో ఆదివారం" అన్నాడు మేస్త్రి వెంటనే. "స్నానాలగది తలుపు తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. కుట్లేసిన డాక్టరుకి మీసాలున్నాయి."

వరుసలో ఎవరో మెచ్చుకోలుగా నవ్వారు. మేడమ్‌కి కూడా ముచ్చటేసింది. తన భర్తకి మోకాలే తెలియదు, ఇతనికి డాక్టరు మీసాలు కూడా గుర్తున్నాయి. చెయ్యి ముద్ర మీదకి పోయింది. అయినా ఆ రోజెందుకో ఇంకొకటి అడగాలనిపించింది. "చెవి తమ్మె చిరిగింది కదా, అది?"

"మూడేళ్ళ కింద. వానాకాలం. కమ్మ దువ్వెనకి చిక్కుకుని లాగింది. ఎడం చెవి. రెండు రోజులు రక్తం కారింది, దిండు గలీబు పారేశాం."

"గడ్డం కింద ఆ తెల్లటి గీత?"

మేస్త్రి తల తిప్పి పెళ్ళాం గడ్డం వైపు చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు. "అదా? ఏమో. పెళ్ళికి ముందుది అయ్యుంటది. అప్పటి సంగతి నాకేం తెలుసు?" అని భుజాలెగరేశాడు.

మేడమ్ చెయ్యి ముద్ర మీదే ఆగిపోయింది. పెళ్ళయ్యాక వచ్చిన దెబ్బలకి రోజు తెలుసు, కాలం తెలుసు, కుట్లు తెలుసు. పెళ్ళికి ముందు తగిలిన ఒక్క దెబ్బ సంగతి మాత్రం తెలియదు. ఆవిడ అద్దంలోంచి ఆమె ముఖం చూసింది. ఆమె కళ్ళు తిప్పుకోలేదు. అంతవరకు ఆ కళ్ళు ఒక పని కోసం కాచుకుని ఉన్నట్టు, ఇప్పుడు ఆ పని మొదలైనట్టు ఉన్నాయి. మేడమ్‌కి భూతద్దం పెట్టుకున్న భర్త గుర్తొచ్చాడు. పాతికేళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యెత్తని మనిషి, మచ్చ ఉందా అని అమాయకంగా అడిగిన మనిషి, పరీక్ష తప్పిన మనిషి. పద్దెనిమిదేళ్ళుగా అలాంటివాళ్ళందరినీ వెనక్కి పంపి, ఎవరి చేతికి టికెట్లిచ్చిందో అప్పుడు తట్టింది. ఆ ఆలోచన పూర్తిగా ఆలోచించడానికి వ్యవధి లేదు, పన్నెండుకి ఇరవై నిమిషాలుంది.

"కుదరదు" అంది.

"ఏంటి?"

"నేను సంతృప్తి చెందలేదు. టికెట్టు ఆమె పేరునే ఉంటుంది. ఆమె చేతికే ఇస్తాను. అమ్మా, నువ్వు ఇటు పక్క తలుపు దగ్గరికి రా."

మేస్త్రి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నవ్వుతూనే అద్దం కింది సందులోంచి చెయ్యి లోపలికి దూర్చి ఆవిడ కుడిచేతి వేళ్ళు పట్టుకున్నాడు. దుంగలు దొర్లించే చెయ్యి అది. రెండు వేళ్ళు పట్టుకుని వెనక్కి విరిచాడు. టక్, టక్ మని రెండుసార్లు వినబడింది. మేడమ్‌కి మొదట ఆ చప్పుడు ముద్ర వేసినదనే అనిపించింది, అంత అలవాటైన చప్పుడది. తర్వాత నొప్పి భుజం దాకా ఎగబాకితే కేక పెట్టింది. కేక పెడుతూనే ఎడమచేతిని టికెట్టు మీద అదిమిపెట్టింది. టికెట్టు వదల్లేదు.

ఇక అతను అనే మర్యాద అనవసరం. వాడు రెండో పిడికిలితో అద్దం గుద్దాడు. అయిదోసారి పగిలింది. గాజు ముక్కలు మేడమ్ ఒళ్ళో, రబ్బరు ముద్రల మీద, టీ గ్లాసులో పడ్డాయి. వాడి మణికట్టు చీరుకుని రక్తం బల్ల మీద కారింది. ఎంత చాచినా చెయ్యి టికెట్టు దాకా రాలేదు. చేతికి అందనిదాన్ని వదిలేసి అందేదాని వైపు తిరిగాడు.

ఆమె అప్పటికి తలుపు వైపు నాలుగడుగులు వేసింది. వాడు వెనక నుంచి జుట్టు పట్టుకుని లాగి, ఆ ముఖాన్ని కిటికీ అరుగుకేసి కొట్టాడు. ఒకసారి కొట్టి, "ఏం చెప్పావే దానికి?" అన్నాడు. రెండోసారి కొట్టి, "కళ్ళతో ఏం చెప్పావు?" అన్నాడు. ఆమె అరవలేదు. అరుగు అంచు పట్టుకుని, మూడో దెబ్బకి తల పక్కకి తిప్పుకుంది, ముక్కుకి బదులు చెంప తగిలేలా. దెబ్బలు తినడంలో అంత అనుభవం ఉందామెకి. అరుగు మీద పన్ను ఒకటి పడింది.

వరుసలో పదిహేను మంది ఉన్నారు. పదిహేను మందీ చూస్తున్నారు. లారీ డ్రైవరు ఒకడుగు ముందుకేసి ఆగాడు. రెండో కిటికీలో కూర్చునే గుమాస్తా టీ గ్లాసు పట్టుకుని లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"పట్టుకోండి వాణ్ణి!" అని మేడమ్ అరిచింది. "చంపేస్తున్నాడు, చూస్తూ నిలబడ్డారేంటి?"

"మొగుడూ పెళ్ళాల గొడవ మేడమ్" అన్నాడు సెలూన్ ఆయన, ఇబ్బందిగా. "మధ్యలో మనమెందుకు? రేపు వాళ్ళిద్దరూ ఒకటైపోతారు, మనం చెడ్డవాళ్ళమవుతాం."

"మీరే కదా తేల్చారు" అన్నాడు ఊతకర్ర పెద్దాయన. "మీసాల డాక్టరుతో సహా చెప్పాడు కదా. మొగుడే."

నాలుగో దెబ్బ పడింది.

మేడమ్ పద్దెనిమిదేళ్ళలో ఆ కిటికీ దగ్గర ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. విరిగిన వేళ్ళు గాల్లోకెత్తి, గొంతు చిరిగేలా అరిచింది. "వాడు మొగుడు కాదు! పరీక్ష తప్పాడు! గడ్డం మీద మచ్చే తెలీదు వాడికి! ఎవరో పరాయివాడు, ఆ పిల్లని బెదిరించి టికెట్టు కొట్టేయడానికి తీసుకొచ్చాడు!"

అంతే, ఆ పదిహేను మందీ ఒక్కసారిగా మనుషులయ్యారు, లేదా పశువులయ్యారు, ఏదనుకున్నా తప్పు లేదు. "పరాయి ఆడదాన్ని కొడతావురా?" అని ముందుగా దూకింది, మధ్యలో మనమెందుకన్న సెలూన్ ఆయనే. లారీ డ్రైవరు వాడి మెడని చంకలో ఇరికించి కిందపడేశాడు. పెద్దాయన ఊతకర్రతో చెవి మీద కొట్టాడు, కర్ర విరిగితే విరిగిన ముక్కతో కొట్టాడు. ఎవరో బూటుకాలితో నోటి మీద తొక్కారు, ఆ తెల్లటి పళ్ళు ఎర్రబడ్డాయి. "మొగుణ్ణిరా! నేను దాని మొగుణ్ణిరా!" అని వాడు మొత్తుకున్నాడు. ఆ మాటకి ఇంకా కోపమొచ్చి ఇంకా గట్టిగా కొట్టారు. ఏ మాట తనని కాపాడుతుందని వాడికి ఇన్నాళ్ళూ ధైర్యముందో, ఆ మాటే చెప్పి తన్నులు తిన్నాడు.

ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. మేడమ్‌కి మొదట అది హాయిగా అనిపించింది. ఒక్కో దెబ్బకీ తన వేళ్ళ నొప్పి తగ్గుతున్నట్టే అనిపించింది. వాడి మోచెయ్యి తిరగకూడని వైపుకి తిరిగినప్పుడు మాత్రం, "చాలు, ఆపండి, చాలు" అంది. ఎవరూ వినలేదు. మళ్ళీ అరిచింది. ఆవిడ మాట మీద మొదలుపెట్టిన పదిహేను మందీ ఆవిడ మాట మీద ఆపడానికి సిద్ధంగా లేరు. రైల్వే పోలీసు వచ్చి లాఠీతో అందరినీ బాదితే గానీ ఆగలేదు.

పోలీసు చుట్టూ చూశాడు. గాజు, రక్తం, విరిగిన కర్ర, పన్ను. నర్సు ఆమెని గోడకానించి కూర్చోబెట్టి, ఆమె స్కార్ఫుతోనే ముఖం తుడుస్తోంది.

"వీడెవరు?" అన్నాడు పోలీసు.

"దాని... మొగుణ్ణి" అన్నాడు వాడు నేల మీద నుంచి. "మేడమ్ అబద్ధం... దాన్నే అడగండి."

పోలీసు ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఏమ్మా, వీడు నీకు ఏమవుతాడు?"

ఆమె అవునంటే చాలు. అబద్ధం చెప్పి మనిషిని చావగొట్టించిన గుమాస్తాగా మేడమ్ ఉద్యోగం పోతుంది, అది పోతే పోనీ. వాడు మొగుడవుతాడు. ఈ కొట్టినవాళ్ళే వాడికి నీళ్ళు తాగిస్తారు, క్షమించమంటారు, ఇద్దరినీ ఒకే ఆటోలో ఎక్కించి ఇంటికి పంపుతారు. పన్నెండు సంవత్సరాల కాపురమో ఎంతో, ఆమె కాదనగలదా? వరుసలో అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

ఆమె నోట్లోని రక్తం స్కార్ఫులోకి ఉమ్మింది.

"ఏమీ కాడండి" అంది.

పోలీసు లేచి మేడమ్ వైపు తిరిగాడు. "మీరేమంటారు?"

"బంధుత్వం రుజువు కాలేదు. నేను సంతృప్తి చెందలేదు" అంది మేడమ్. అదే మాట ఎడమచేత్తో, కోడి కెలికినట్టుండే అక్షరాలతో దరఖాస్తు మీద రాసింది. గోడ గడియారం పన్నెండు కొట్టింది. ఆ టికెట్టు పేరు ఇక ఎవరూ మార్చలేరు.

ఆ రాత్రికి ఆమెని నర్సు తన ఇంటికి తీసుకెళ్ళింది. వాడిని పోలీసు కాపలాతో ఆసుపత్రిలో వేశారు. మేడమ్ చేతికి కట్టు పడింది. భర్త రాత్రంతా పక్కన కూర్చుని, నొప్పి ఎక్కడుందని పదిసార్లు అడిగాడు. విరిగింది ఏ రెండు వేళ్ళో పొద్దుటికి మళ్ళీ మర్చిపోయాడు. ఆవిడకి కోపం రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం మేడమ్ ప్లాట్‌ఫారం మీదకి వెళ్ళింది. ఆమె కిటికీ పక్క సీట్లో కూర్చుని ఉంది. ముఖం వాచిపోయి ఒక కన్ను మూతపడింది. రెండో కన్నుతో టికెట్టు మీద తన పేరు చూసుకుంటోంది. మేడమ్‌ని చూసి లేవబోయింది.

"కూర్చో అమ్మా, కూర్చో. నొప్పి ఎలా ఉంది?"

"పర్లేదండి. మీకు?"

"నాదేముంది, రెండు వేళ్ళే కదా" అని మేడమ్ నవ్వింది. నిజం చెప్పాలంటే ఆవిడకి కాస్త గర్వంగానే ఉంది. ఒక మనిషిని బతికించి బండెక్కించానన్న గర్వం. ఆమె దండం పెడుతుందేమో, వద్దమ్మా అనాలి అనుకుంటూ నిలబడింది.

ఆమె కిటికీ కమ్మీల్లోంచి చెయ్యి బయటపెట్టి, కుర్తా చేతిని పైకి లాక్కుంది. మణికట్టు దగ్గర ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో కాలిన మచ్చ ఉంది.

"మనసులో పెట్టుకోకండి మేడమ్. చెప్పకుండా వెళ్తే నాకు ఊపిరాడదు. రెండేళ్ళ కింద కూడా మీ దగ్గరికే వచ్చాం. అప్పుడూ అక్క పంపిన టికెట్టే. మీరు ఇది చూపించి ఎలా వచ్చిందని అడిగారు. ఆయన టకటకా చెప్పాడు. ఇంత శ్రద్ధ ఉన్న మొగుడు దొరకడం నీ అదృష్టం అని నాతో అని, ముద్ర వేసి ఆయన చేతికిచ్చారు."

మేడమ్ ఆ ముఖాన్ని గుర్తు తెచ్చుకోవాలని చూసింది, వాపు లేకుండా, రెండు కళ్ళతో. గుర్తు రాలేదు. అద్దం అవతల నుంచి ఎన్ని వందల మణికట్లు చూసిందో ఆవిడ. కట్టుకట్టిన చెయ్యి ఒక్కసారిగా బరువెక్కింది.

"ఆ టికెట్టు మీద వెళ్ళి..." అంటూ ఉండగానే గార్డు ఈల వేశాడు. బండి కదిలింది.

మేడమ్ కిటికీ పట్టుకుని పక్కనే నడిచింది. "వెళ్ళి? వెళ్ళి ఏం చేశాడమ్మా?"

"అక్క రెండు చేతులూ విరగ్గొట్టాడండి" అంది ఆమె. "ఇప్పటికీ జుట్టు తనంతట తను ముడేసుకోలేదు. అందుకే నన్ను రమ్మంది."

బండి వేగం అందుకుంది. మేడమ్ చెయ్యి కిటికీ నుంచి జారిపోయింది.